కబడ్డీ అంపైర్ కాళ్లు తడబడితే

రైడర్ (కూతకు వెళ్లిన ఆటగాడు) అవతలి జట్టు సగంలో చివరి గీతకు ముందుండే బోనస్ గీత దాటి ఒక కాలు ఆనించాడా, ఆ క్షణంలో వెనుక కాలు గాలిలో ఉందా అన్నది తేల్చాలంటే అంపైర్ చూపు ఆ రెండు పాదాల మీదే నిలవాలి. తన పాదాలను చూసుకునే వీలు ఉండదు. చంద్రగిరి దగ్గర ఒక సంక్రాంతి పోటీలో నేను వెనక్కి అడుగు వేసి పడిపోయిన సమయానికే ఒక కుర్రవాడు బోనస్ కోసం కాలు చాపాడు. అవతలి అంపైర్‌కు ఆటగాళ్లు అడ్డుగా ఉన్నారు. నేను లేచేసరికి కూత ముగిసింది, పాయింటు దక్కలేదు. అది నేను ఆ కుర్రవాడికి చేసిన అన్యాయమే. అప్పటి నుంచి నా కాళ్ల కదలికను దగ్గరగా గమనిస్తూ సరిదిద్దుకుంటూ వచ్చాను.

సమస్య: పక్కకు కదులుతుంటే కాళ్లు మెలిక పడుతున్నాయి

రైడర్ లోపలికి వెళ్లగానే అతనితో సమానంగా సాగాలన్న తొందరలో ఒక కాలిని మరో కాలి మీదుగా వేస్తాం. అసలు కారణం ఇదే. రైడర్ ఉన్నట్టుండి వెనక్కి తిరిగితే ఆ భంగిమలో నిలదొక్కుకోలేం.

పాదాలు భుజాల వెడల్పున ఉంచండి. మోకాళ్లు కొద్దిగా వంచి, బరువు పాదం ముందు భాగం మీద మోపండి. వెళ్లే వైపు కాలు ముందు జరగాలి, రెండోది దాని వెనకే రావాలి. రెండు పాదాలూ ఒకదాన్నొకటి తాకకూడదు. పురుషుల కోర్టు పొడవు 13 మీటర్లు కాబట్టి మధ్య గీత నుంచి చివరి గీతకు 6.5 మీటర్లు. సున్నంతో రెండు గుర్తులు పెట్టుకుని వాటి మధ్య 30 సెకన్లు, అంటే ఒక కూత కాలం, ఇలా జరగండి. మరో 30 సెకన్లు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. పదిసార్లు చాలు. రైడర్ మరీ వేగంగా దూసుకుపోతే మాత్రం పక్కడుగులతో అందుకోవాలని చూడకండి, తుంటి తిప్పి నేరుగా పరుగెత్తండి.

సమస్య: పెనుగులాటలో ఆటగాళ్లు మీద పడుతున్నారు

కొత్త అంపైర్లు ఎక్కువగా గాయపడేది ఇక్కడే. రైడర్‌కూ డిఫెండర్‌కూ స్పర్శ జరగగానే లాబీ, అంటే కోర్టుకు రెండు పక్కలా ఉండే పట్టీ, ఆటలోకి వస్తుంది. అంతవరకు మీకు మీటరు దూరంలో ఆగే శరీరాలు ఇప్పుడు మీ కాలివేళ్ల దాకా రావచ్చు. మనమేమో సరిగ్గా అప్పుడే ఇంకా బాగా చూడాలని ముందుకు వంగుతాం.

స్పర్శ కనబడగానే ఒక పెద్ద అడుగు దూరం జరగడం అలవాటు చేసుకోండి. ఆ అడుగు నేరుగా వెనక్కి వేయకుండా ఏటవాలుగా, గుంపు వస్తున్న దారిలోంచి తప్పుకునేలా వేయండి. ఏటవాలు నుంచి చూస్తే గీతకూ చేతికీ మధ్య ఖాళీ కూడా బాగా కనిపిస్తుంది. మోకాళ్లు బిగదీసి నిలబడవద్దు. నిటారుగా ఉన్న మోకాలికి పక్కనుంచి దెబ్బ తగిలితే స్నాయువు తెగే ప్రమాదం ఉంది.

సమస్య: వెనక్కి జరిగితే మడమ దేనికో తగులుతోంది

నీళ్ల సీసా, కుర్చీ కాలు, ప్రేక్షకుల తాడు, మ్యాట్ పలకలు కలిసేచోట లేచిన అంచు. ఆటకు ముందు గీతల వెంట మీరే ఒక చుట్టు నడిచి వీటన్నిటినీ తీయించండి. నిర్వాహకులు విసుక్కున్నా పట్టు వదలకండి.

సమస్య: జారుతోంది

మ్యాట్ మీదైతే కారణం బూటు అడుగున పేరుకున్న ఎర్రమట్టి దుమ్ము. తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. మైదానానికి నడిచే చెప్పులు వేరు, ఆట బూట్లు వేరు ఉండాలి. మట్టి కోర్టులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవన వానలు పడతాయి. పైన ఆరినట్టున్నా లోపల మెత్తగా ఉంటుంది, మడమతో నొక్కి చూడండి.

సమస్య: పిక్కలు పట్టేస్తున్నాయి

ఒకే రోజు వరుసగా అయిదారు ఆటలు, అరిగిన బూట్లు, గట్టి నేల మామూలు కారణాలు. మన ఊరికి ఇంకొకటి ఉంది. తిరుమలకు అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కి, మళ్లీ కాలినడకనే దిగి, మర్నాడు విజిల్ పట్టేవాళ్లను చాలామందిని చూశాను. ఎక్కేటప్పటి ఆయాసం వెంటనే తెలుస్తుంది. దిగేటప్పుడు బరువు మోస్తూ సాగిన కండరాల నొప్పి మాత్రం ఒకటి నుంచి మూడు రోజుల్లో పెరుగుతుంది. మొక్కు తీర్చుకోండి, కానీ ఆటకు కనీసం మూడు రోజుల ముందే, దిగేటప్పుడు బస్సులో. వారానికి మూడుసార్లు మునివేళ్ల మీద లేచి, నెమ్మదిగా మడమ దించే వ్యాయామం పిక్కలను బలపరుస్తుంది.

మోకాలి కింద, ముందు ఎముక మీద ఒకే చోట వేలుతో నొక్కితే నొప్పి పుడితే అది కండరం పని కాకపోవచ్చు. ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు. ఆటలు ఆపి వైద్యుడికి చూపించండి.

సమస్య: చీలమండ మడత పడింది

వెంటనే విజిల్ మరొకరికి ఇవ్వండి. గుడ్డలో చుట్టిన ఐసు 15 నుంచి 20 నిమిషాలు పెట్టి, కాలు ఎత్తులో ఉంచండి. నాలుగు అడుగులు బరువు మోపి నడవలేకపోయినా, చీలమండ ఎముక వెనుక అంచున నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. మానాక ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడే సాధన మొదలుపెట్టండి. మొదట కళ్లు తెరిచి, తర్వాత చూపును ఎదురుగా కదిలే మనిషి పాదాల మీద ఉంచి చేయండి.