ఫస్ట్ కాపీ కొనే ముందు, కొన్నాక

పోయిన ఏడాది కడపలో రెండున్నర వేలకు రోలెక్స్ వాచీ కొన్నాను. ఫస్ట్ కాపీ, అంటే అచ్చం అసలుదానిలాగే ఉండే నకిలీ అన్నమాట. "కంపెనీవాళ్లే తేడా కనుక్కోలేరన్నా" అన్నాడు అమ్మినతను. పది రోజులు తిరక్కముందే ప్రొద్దుటూరులో పెళ్లి పడింది.

ప్రొద్దుటూరు బంగారం ఊరు. అక్కడి మనుషులు చూపుతోనే తూకం వేస్తారు. మా మామ నా చెయ్యి చూసి, "ఎంతకు కొంటివి అల్లుడా?" అన్నాడు. "ఫ్రెండు దుబాయ్ నుంచి తెచ్చినాడు మామా" అన్నాను. ముందుగా అనుకున్న అబద్ధం కాదు, దానంతటదే వచ్చేసింది. అసలు రోలెక్స్‌లో సెకన్ల ముల్లు సాఫీగా జారుతుంది. నాది సెకనుకోసారి టక్కుమని ఆగుతుంది. మామ అది కనిపెడతాడేమోనని భోజనాల దగ్గర ఎడమ చెయ్యి ఒళ్లోంచి తీయలేదు. ఆ రోజు ఓళిగలు ఎలా ఉన్నాయో నాకు గుర్తే లేదు.

అందుకే కొనే ముందు ఒక పని చేయండి. ఆ వస్తువు అసలు ధర, కొన్న చోటు మీ ఇంట్లో అందరికంటే నోరున్న మనిషికి చెప్తున్నట్టు ఊహించుకోండి. తడబడకుండా చెప్పగలిగితే సరే. మా చిన్నమ్మ అదే పెళ్లికి వన్ గ్రాం హారం వేసుకొచ్చి, అడక్కముందే "ఎనిమిది వందలు" అని అందరికీ చెప్పింది. పులిహోర రెండోసారి వడ్డించుకుంది కూడా.

ఆ అబద్ధం మొదటి ఖర్చయితే, రెండో ఖర్చు నేను ఊహించనిది. ఆ తర్వాత ఎవరి దగ్గర ఏది చూసినా డూప్లికేటేమో అనిపించేది. ఆఫీసులో ఒకతను ఈఎంఐ మీద ఐఫోన్ కొంటే, తమాషాకన్నట్టు బిల్లు చూపించమన్నాను. అతను నవ్వలేదు. 2010లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. కొందరికి క్లోయీ కంపెనీ కళ్లద్దాలు అసలువే ఇచ్చి, వాళ్లలో సగంమందికి అవి నకిలీవని చెప్పారు. నకిలీ అనుకున్నవాళ్లు లెక్కల పరీక్షలో తమ మార్కులు ఎక్కువ పెంచి చెప్పుకున్నారు, పక్కవాళ్లనూ ఎక్కువ అనుమానించారు. ఆ పరిశోధకుల వేరే పనుల డేటా మీద తర్వాత పెద్ద గొడవే నడిచింది, కాబట్టి దాన్ని వేదమని చెప్పను. నాకు మాత్రం కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. కొన్న వారం రోజులకు ఊళ్లోవాళ్ల చేతుల మీద మీ కన్ను ఎక్కువ పడుతోందేమో చూసుకోండి.

ఇప్పటికే కొనేశారా? తమ్ముడికి ఇవ్వొద్దు, దాంతోపాటు దుబాయ్ కథ కూడా ఇవ్వాల్సి వస్తుంది. అమ్మాలనుకోవద్దు. నకిలీ మార్కున్న సరుకు అమ్మితే 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. నేనైతే కడపలో ఏడు రోడ్ల దగ్గర వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పోయి, డయల్ మీది రోలెక్స్ కిరీటం గుర్తు, పేరు గీకేయమన్నాను. ఆయన ఒకసారి నా మొహం చూసి, ఏమీ అడక్కుండా వెనక మూత విప్పాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు. డయల్ మీద గీతలు పడ్డాయి కానీ టైము బాగానే చూపిస్తోంది.

మొన్న మామ ఇంటికొచ్చినప్పుడు మళ్లీ చెయ్యి పట్టుకుని చూశాడు. "ఇది ఏ కంపెనీది?"

"ఏ కంపెనీదీ కాదు మామా."

దుబాయ్ ఫ్రెండు సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.