ఆటవెలదిని కుట్టడం ఎలా

నేను మొదటిసారి చేసిన ‘కవిత్వపు బట్ట’ గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తెల్లటి టాపు, వీపు నిండా ఓ కవిత అచ్చు. ఏడెనిమిది ఉతుకులకే ఆ ప్లాస్టిక్ రంగు పగుళ్ళిచ్చి, గుడి దీర్ఘాలూ కొమ్ములూ ఒక్కొక్కటే రాలిపోయాయి. బట్ట మాత్రం చెక్కుచెదరలేదు. కానీ అచ్చుతప్పుల పుస్తకాన్ని ఎవరు తొడుక్కుంటారు?

అప్పుడు తెలిసింది, పద్యం నుంచి తీసుకోవలసింది మాటల్ని కాదు, కొలతని. పద్యం కట్టేవాళ్ళు ఒక్క మాత్ర (ఒక హ్రస్వాక్షరం పలికేంత సేపు) కూడా వృథా పోనివ్వరు. నేనేమో వంపుల చంకలూ గుండ్రటి మెడలూ కత్తిరించి పీలికల్ని సంచీలో కుక్కేదాన్ని. ఆ సంచీ నిండిన రోజునే, ఆ పీలికలతో ఒక టాపు కుడదామని, ఆటవెలది అనే పద్య ఛందస్సు కొలతతో మొదలుపెట్టాను. వేమన పద్యాల్లో ఎక్కువగా వినిపించే నడక కాబట్టి అది చెవికి ముందే తెలుసు.

లెక్క ఇది. పద్యంలో ఒక్కో పాదం బట్టలో ఒక్కో వరస, పాదంలోని ఒక్కో గణం (కొన్ని అక్షరాల గుంపు) ఒక్కో ముక్క. ఒకటో పాదంలో, మూడో పాదంలో మూడేసి సూర్యగణాలు, రెండేసి ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. మొత్తం 20 గణాల్లో 16 చిన్నవి (సూర్యగణాలు), 4 పెద్దవి (ఇంద్రగణాలు). ఏ కుట్టుపని చేసేవాళ్ళ పీలికల సంచీ అయినా తిరగేసి చూడండి, ఇదే పాళ్ళలో ఉంటుంది: సన్నవి బోలెడు, వెడల్పువి నాలుగో అయిదో.

మాత్రకు 4 సెం.మీ. అనుకుందాం. సూర్యగణానికి మూడు మాత్రలు, అంటే 12 సెం.మీ. ఇంద్రగణానికి నాలుగో అయిదో మాత్రలు, అంటే 16 గానీ 20 గానీ. కుట్టులోకి ఇరువైపులా 1 సెం.మీ. చొప్పున కలిపి 14, 18, 22 సెం.మీ. వెడల్పున కత్తిరించండి. ఎత్తు అన్నింటికీ 20. కుట్టాక 18 మిగులుతుంది. అంచులు మడిచి కుట్టడం కొత్తయితే అన్ని వైపులా ఇంకో అర సెంటీమీటరు వదలండి. పడుగు పోగులు (నేతలో బట్ట పొడవునా సాగేవి) నిలువుగా వచ్చేలా చూసుకోండి, లేకపోతే ముక్క సాగి పక్కదాన్ని లాగేస్తుంది.

కత్తిరించే ముందే అన్ని పీలికల్నీ వేడినీళ్ళలో ఉతికి ఆరేయాలి. నేనోసారి బద్ధకించాను. కుట్టాక ఉతికితే ఒక పాదం కుంచించుకుపోయి, దాని కింది పాదం బుడగలా పొంగింది. మొత్తం విప్పుకున్నాను.

ప్రతి పీలిక నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి. నూలయితే కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టరు కలిస్తే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. అలాంటివి పక్కన పెట్టేయండి. అవి నేను వాడే రంగు పట్టవు, పైగా రెండు రకాల పోగులు కలిసిన బట్టను రేపు విడదీసి మళ్ళీ నూలుగా మార్చడం చాలా కష్టం. దారం కూడా నూలుదే. దీన్ని చాలామంది మరిచిపోతారు: బట్టంతా మట్టిలో కలిసిపోయినా పాలిస్టరు దారం మాత్రం కుట్టు కుట్టుగా అలాగే ఉండిపోతుంది.

ఇక యతి. ఇక్కడే నాకు సరదా. ఆటవెలదిలో నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి. కాబట్టి ప్రతి వరసలో ఒకటో ముక్కకీ నాలుగో ముక్కకీ రంగు కలవాలి. అచ్చంగా అదే రంగు అక్కర్లేదు. యతికి క, ఖ, గ, ఘ ఒకదానికొకటి చెల్లుతాయి కదా, అలాగన్నమాట. నాలుగు వరసల్లోని ఈ ఎనిమిది ముక్కల్ని తడిపి, కరక్కాయ నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి, తర్వాత పటిక నీళ్ళలో ఉంచుతాను. పటిక పొడిబట్ట బరువులో 15 శాతం, అంటే 200 గ్రాముల బట్టకి 30 గ్రాములు. ఆ తర్వాత మంజిష్ఠ వేర్ల రంగునీళ్ళు. ముందు నాలుగు ముక్కలు వేస్తాను, ముదురు ఎరుపు వస్తుంది. అదే నీటిలో మిగతా నాలుగు వేస్తే లేత రంగు. క పక్కన గ. రంగునీళ్ళు రెండోసారి పనికొచ్చినట్టూ ఉంటుంది, యతీ చెల్లుతుంది. మంజిష్ఠ కుండను మాత్రం నేను తెర్లనివ్వను.

రంగు కుదరలేదా? ప్రాసయతి ఉంది. కవులు అక్కడ రెండో అక్షరం కలిపి గట్టెక్కుతారు. నేను ఆ రెండు ముక్కల మీదా ఒకే రకం చేతికుట్టు వేస్తాను.

కూర్పుకొద్దాం. భుజాల మీద 16 సెం.మీ. నిండు బట్ట పట్టీ, దాని కింద వరసగా నాలుగు పాదాలు. వీపుకి పాత దుప్పటి నుంచి తీసిన ఒకే ముక్క, కుట్టాక 60 సెం.మీ. వెడల్పు. చేతులు నలుచదరం, చంకలో చిన్న చదరపు ముక్క. ఎక్కడా వంపు లేదు కాబట్టి పీలికా లేదు.

అయితే చిక్కొకటుంది. సరి పాదం సరిగ్గా 60 సెం.మీ. వస్తుంది. బేసి పాదం 68 నుంచి 76 దాకా పోతుంది. మొదట ఆ ఎక్కువను కోసేద్దామనుకున్నాను. కోస్తే ఛందోభంగం! అందుకే ప్రతి ఇంద్రగణంలో మిగిలిన 4 లేదా 8 సెం.మీ. మడత పెట్టి, పై కుట్టు దగ్గరా కింది కుట్టు దగ్గరా మాత్రమే పట్టి, మధ్యలో వదిలేశాను. ఒకటో పాదం ఛాతీ దగ్గర పడుతుంది, మూడోది తుంటి దగ్గర. ఒళ్ళు పెరిగేదీ తరిగేదీ ఆ రెండు చోట్లే. మడత తెరుచుకుని సర్దుకుంటుంది. ఇది నేను ముందుగా ఆలోచించింది కాదు, ఛందస్సు చేసిపెట్టింది.

లోపలి కుట్టు అంచుల్లో ఒకదాన్ని సగానికి కత్తిరించి, రెండోదాన్ని దాని మీదికి మడిచి కుట్టండి. ఇరవై ముక్కలకి ఇది విసుగే. కానీ అంచులు వదిలేస్తే పోగులు ఊడి నాలుగు నెలల్లో బొంత అవుతుంది.

వచన కవితతోనూ ప్రయత్నించాను, నాకు కుదరలేదు. పాదం ఎక్కడ విరగాలో అక్కడ ప్రతిసారీ నేనే నిర్ణయించాలి, నేనేమో ప్రతిసారీ తేలిగ్గా కుట్టగలిగే చోటే విరుస్తాను.

చివరగా, జేబు లోపల రెండు సూర్యగణాలు అదనంగా టాకా వేసి ఉంచండి. మిగతా బట్టతో పాటే ఉతుకుతాయి, పాతబడతాయి. నా దాంట్లో మూడో పాదం మొదటి ముక్క, భుజానికి వేసుకునే సంచీ రాసుకునే చోట, ఇప్పటికి రెండుసార్లు మార్చాను.