ఫ్లైఓవర్ దిగేటప్పుడు న్యూట్రల్ వద్దండీ

బెంగళూరులో కారు నడిపే మనవాళ్లకు ఒక మాట. హెబ్బాళ ఫ్లైఓవర్ దిగుతూ పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వేసేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. అది పెట్రోలు, గాలి కలిపే కార్బ్యురేటర్ ఉన్న పాత ఇంజిన్ల కాలం నాటి అలవాటు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మేవి) గేరు అలాగే ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా పెట్రోలు తాగుతూనే ఉంటుంది. పైగా భారమంతా బ్రేకుల మీదే, అది ప్రమాదం కూడా. సిల్క్ బోర్డు కూడలి వైపు వెళ్తుంటే ముందు బళ్ల ఎర్ర లైట్లు కనబడగానే కాలు తీసేయండి. ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) బాగా పడిపోయాకే క్లచ్ నొక్కండి.

పెట్రోలు కలిసిరావాలంటే టైర్లలో గాలి కూడా పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోండి. ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవర్ తలుపు తీస్తే స్టిక్కర్ మీద రాసుంటుంది.