రివెన్‌లో దారి తప్పితే

మొన్న మా మేనల్లుడు ఫోన్ చేసి, "మావయ్యా, రెండు గంటలుగా తిరుగుతున్నా, పజిల్ ఒక్కటీ కనపడలేదు" అన్నాడు. మిస్ట్ అనే కంప్యూటర్ పజిల్ గేమ్ ఆడి, దాని తరవాతి భాగమైన రివెన్‌కి వచ్చినవాళ్లకి ఇది మామూలే. 1993 నాటి మిస్ట్‌లో ఒక లోకంలోకి వెళ్తే అక్కడి చిక్కు చాలావరకు అక్కడే విడిపోతుంది. 1997 నాటి రివెన్‌లో ఐదు దీవులు. ఒకచోట చూసింది ఇంకోచోట పనికొస్తుంది. (2024లో వచ్చిన కొత్త రివెన్‌లో పజిళ్లు మార్చారు. నేను చెప్పేది పాతదాని గురించే.)

ముందు జిప్ మోడ్ ఆపండి. అది మధ్యలో దృశ్యాలు దాటించేస్తుంది, మనకి కావాల్సింది సరిగ్గా అక్కడే ఉంటుంది. ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్సిల్, రబ్బరు దగ్గర పెట్టుకోండి. ఇది నిలిచిన బొమ్మల ఆట కాబట్టి పక్కకి ఒక్క క్లిక్ కొడితే ఎంత తిరిగామో తెలీదు. సముద్రం ఎటుందో చూసుకుని మ్యాప్ గీయండి.

ప్రతి గదిలోకి వెళ్లగానే వెనక్కి తిరగండి. తలుపు మూసి చూడండి కూడా. హాస్టల్లో నేను మూడు రోజులు ఇరుక్కున్నది దీని దగ్గరే: తెరిచిన తలుపు రెక్కల వెనకే దారి ఉంది! ఆ రోజుల్లో ఐదు సీడీలు, దీవి మారినప్పుడల్లా సీడీ మార్చాలి. సీడీ మార్చిన విసుగులో తలుపెవడు మూస్తాడు?

రివెన్ లోకంలో వాడే అంకెల్ని అక్కడి పల్లె బడిలోని ఆటబొమ్మ నేర్పుతుంది. ఒకటంటే నిలువు గీత. దాన్నే అడ్డంగా తిప్పితే ఐదు. రెండూ కలిపితే ఆరు. ఈ కిటుకు పట్టుకుంటే మిగతావి మీరే రాసుకోగలరు, బట్టీ పట్టక్కర్లేదు.

చెక్క గోళాలు కనిపిస్తే తిప్పండి. ఒక కూత వినిపిస్తుంది, వెనక ఒక అంకె ఉంటుంది. కూతని మీకు తోచినట్టు రాసుకోండి; నా పుస్తకంలో ఒకదానికి "తాతయ్య గురక" అని ఉంది. సౌండ్ కట్టేసి ఆడితే ఇక్కడ పని జరగదు.

చివర్లో రంగు గోలీల పలక వస్తుంది, 25 అడ్డం, 25 నిలువు గళ్లతో. ఆరు గోలీల్లో ఐదే పెట్టాలి. రంగులు చూపించే దీపాల్లో ఒకటి పాడైపోయి ఉంటుంది, ఆ రంగు మీరే ఊహించాలి. అక్కడ మాత్రం వాక్‌త్రూ (జవాబులు వరసగా చెప్పే గైడు) చూసినా నేనేమీ అనను.