లైబ్రరీలో మేకర్‌స్పేస్: ఎక్కడ ఆగిపోతుంది, ఎలా కదిలించాలి

మా బడి లైబ్రరీలో కిటికీ పక్కన రెండు బల్లలు, ఒక ఇనప బీరువా ఉన్నాయి. పిల్లలు ఆ చోటును ‘మూల’ అంటారు. కాగితాల మీద దాని పేరు మేకర్‌స్పేస్, అంటే పిల్లలు సొంత చేతులతో వస్తువులు చేస్తూ నేర్చుకునే చోటు. ఇది అటల్ టింకరింగ్ ల్యాబ్ కాదు. 2016లో మొదలైన ఆ కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం బడికి 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు వస్తుంది, వేరే గది కావాలి. మాకు ఉన్నది ఒక మూల, కొంత చందా, పాత అట్టపెట్టెలు. నడిపేది పిల్లలు.

హైదరాబాద్‌లో ఇలాంటిది మొదలుపెట్టిన, పెట్టాలనుకుంటున్న టీచర్లు, లైబ్రేరియన్ల కోసం మాకు ఎదురైన చిక్కులు, వాటి మూలాలు, మేం చేసిన మరమ్మతులు రాస్తున్నాను. ఏ పని ఆగినా సామానును అనుమానించే ముందు ఒకటి చూడండి: బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

సామాను కొత్తగానే ఉంది, పిల్లలు మాత్రం రావడం లేదు

మొదటి ఏడాది మా గ్లూగన్ (జిగురు కడ్డీని కరిగించి అంటించే పనిముట్టు) పెట్టె సీలు కూడా చిరగలేదు. ఏడాది చివరి తనిఖీలో ‘అన్నీ సరిగ్గా ఉన్నాయి’ అని రాశారు. ఆ మాట చదివినప్పుడు నాకు చాలా బాధేసింది.

కారణం పిల్లల్లో లేదు, స్టాక్ రిజిస్టరులో ఉంది. లెక్క తగ్గితే జవాబు చెప్పుకోవాల్సింది లైబ్రేరియనే. అందుకని తాళం వేస్తాం. పిల్లవాడు స్క్రూడ్రైవర్ అడగడానికి మనకోసం వెతుక్కోవాలి, మనం క్లాసులో ఉంటాం, వాడు రెండుసార్లు తిరిగి మూడోసారి రాడు. గ్రంథాలయ శాస్త్రానికి రంగనాథన్ గారు 1931లో ఇచ్చిన అయిదు సూత్రాల్లో మొదటిది, పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి అని. పుస్తకం విషయంలో ఎప్పుడో ఒప్పుకున్న మాటను పటకారు విషయంలో ఒప్పుకోలేకపోయాం.

సరిచేయడానికి రిజిస్టరును రెండుగా విడదీయండి. తీగలు, ఎల్‌ఈడీలు, బ్యాటరీలు, జిగురు కడ్డీలు, అట్టలు ఖర్చయ్యే సామాను. వీటిని కొన్న తేదీ, కొన్న మొత్తం రాస్తే చాలు, ఒక్కొక్కటీ లెక్కపెట్టకూడదు. వోల్టేజీ, కరెంటు కొలిచే మల్టీమీటర్, కటింగ్ ప్లేయర్, గ్లూగన్ లాంటివి పనిముట్లు. వీటికి పుస్తకానికి ఇచ్చినట్టే యాక్సెషన్ నంబరు ఇచ్చి, పెయింటుతో రాసి, కార్డు మీద ఇష్యూ చేయండి. లైబ్రరీకి ఇది కొత్త విద్య కాదు, పుట్టుకతో వచ్చిందే. ల్యాబుకు లేని సుగుణం ఇదే కాబట్టి మేకర్‌స్పేస్‌కు సరైన చోటు లైబ్రరీయే అని నా గట్టి నమ్మకం.

మూడో పుస్తకం ఒకటి పెట్టండి: ‘పాడైనవి’. ఏది, ఎప్పుడు, ఎలా పాడైంది, పాడుచేసిన వాళ్ల సంతకం. జరిమానా వద్దు. జరిమానా పెట్టిన రోజు నుంచి విరిగినవి బీరువా వెనక దొరుకుతాయి. ఈ ఏర్పాటంతా ఒక పేజీలో రాసి, జూన్‌లో బడి తెరవగానే ప్రిన్సిపాల్ సంతకం తీసుకోండి. తనిఖీకి వచ్చినవారికి ఆ పేజీ చూపిస్తే మీకు ధైర్యం, పిల్లలకు స్వేచ్ఛ.

తాళంచెవి మాత్రం వారానికి ఇద్దరు పిల్లల దగ్గర ఉండాలి. గోడమీద చెక్క పలక కొట్టి, ప్రతి పనిముట్టు ఆకారాన్నీ దాని వెనక గీయించండి. సాయంత్రం ఖాళీగా కనిపించే ఆకారమే ఏది రాలేదో చెబుతుంది. పలక పెట్టాక మాకు పోయినవాటికంటే తిరిగొచ్చినవే ఎక్కువ.

ఎప్పుడు చూసినా ఆ నలుగురే

బల్ల చుట్టూ పదిమంది ఉంటారు. చేతులు పెట్టేది నలుగురు అబ్బాయిలు. అమ్మాయిలు వెనక నిలబడి చూస్తారు, రెండు వారాల తర్వాత అదీ మానేస్తారు. ‘అమ్మాయిలకు ఆసక్తి లేదు మేడమ్’ అని ఎవరో ఒకరు తేల్చేస్తారు.

ఆసక్తి ఉంది, సమయం లేదు. మేం మూలను సాయంత్రం చివరి గంట తర్వాత తెరిచేవాళ్లం. మా అమ్మాయిల్లో చాలామందికి బడి బస్సో, గేటు దగ్గర ఎదురుచూసే ఆటోనో ఉంటుంది. గంట కొట్టిన పది నిమిషాల్లో వెళ్లిపోవాలి. ఉండగలిగేది బడికి దగ్గర్లో ఉండి సైకిల్ మీద వచ్చే అబ్బాయిలు. ఈ సంగతి నేను గమనించడానికి ఒక టర్మ్ పట్టింది. టైంటేబుల్లో ప్రతి తరగతికీ లైబ్రరీ పీరియడ్ ఎలాగూ ఉంటుంది. పనిని అందులోకీ, మధ్యాహ్న భోజన విరామంలోకీ మార్చాం. వెనక వరస దానంతట అదే ముందుకొచ్చింది.

అయినా పనిముట్టు ముందు ఎవరు లాక్కుంటే వాళ్లదే అన్న పద్ధతి మిగిలింది. దానికి మా ఎనిమిదో తరగతి పిల్లలే చీటీలు కనిపెట్టారు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు కలపాలి, ఒకరు గీసి రాయాలి. పావుగంటకోసారి చీటీలు మారతాయి. నేను చెబితే ఇంత బాగా పాటించేవారు కాదు.

చేసే వస్తువులు కూడా కారణమే. కారు, రోబో, మళ్లీ కారు. దసరా ముందు ఒక ఏడో తరగతి అమ్మాయి, బతుకమ్మ నెమ్మదిగా తిరిగేలా పీట చేయొచ్చా అని అడిగింది. బ్యాటరీతో నెమ్మదిగా తిరిగే పసుపురంగు బీవో మోటార్ ఒకటి, అట్టతో చేసిన చక్రం. మొదటిసారి పూలన్నీ జారిపోయాయి. బరువు మధ్యలో లేదని తనే కనిపెట్టి, కింద ఇసుక సంచి పెట్టి సరిచేసింది. ఆ వారం బల్ల దగ్గర చోటు లేదు.

చేసింది పిల్లలే, కానీ చేతులు టీచరువి

సైన్స్ ఫెయిర్ ముందురోజు వచ్చే జబ్బు ఇది. నమూనా అందంగా ఉంటుంది. ‘ఈ తీగ ఎందుకు?’ అంటే పిల్లలు టీచరు వైపు చూస్తారు. ప్రదర్శన తేదీ ముందు పెట్టి, పని తర్వాత వెతుక్కోవడమే దీనికి మూలం. మా మూలలో ప్రదర్శన రోజు ఆగిపోయిన వస్తువునూ పెట్టనిస్తాం, ఎందుకు ఆగిందో పక్కన చీటీ రాసి. పిల్లలు అడగనంతవరకు పెద్దలు పనిముట్టు ముట్టుకోకూడదు. అడిగినా ముందు ‘నువ్వేం ప్రయత్నించావు?’ అనే అడగాలి. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం నాకు చాలా కష్టమైంది. ఇప్పటికీ కష్టమే.

వెలగదు, తిరగదు, కంప్యూటర్ గుర్తుపట్టదు

ఈ భాగాన్ని అచ్చు తీసి గోడకు అంటించుకోవచ్చు.

ఎల్‌ఈడీ వెలగకపోతే ముందు తిప్పి పెట్టండి. పొడుగు కాలు ప్లస్‌కు వెళ్లాలి. కాళ్లు కత్తిరించేసి ఉంటే, గుండ్రటి అంచులో చదునుగా ఉన్న వైపు మైనస్. ఒకసారి మెరిసి ఆరిపోయిందంటే, కరెంటును అదుపుచేసే రెసిస్టర్ లేకుండా కలిపారు. 5 వోల్టులకు 220 లేదా 330 ఓమ్‌లు, 9 వోల్టులకు 470 ఓమ్‌లు వేస్తే నిలుస్తుంది. లెక్క పిల్లలతోనే చేయించండి: ఎర్ర ఎల్‌ఈడీ దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన వోల్టేజీని రెసిస్టర్ విలువతో భాగిస్తే కరెంటు వస్తుంది. పుస్తకంలోని ఓమ్ నియమం ఆ రోజు వాళ్ల సొంతమవుతుంది.

అన్నీ సరిగ్గా కలిపినా బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా తీగలు గుచ్చి కలిపే చిల్లుల పలక) సగం మాత్రమే పనిచేస్తే, అంచున ఉన్న పొడుగు పట్టీని చూడండి. పెద్ద బోర్డుల్లో కొన్నిటికి ఆ పట్టీ మధ్యలో తెగి ఉంటుంది. చిన్న తీగతో రెండు ముక్కలూ కలపాలి.

కంప్యూటర్‌కు ఆర్డుయినో బోర్డు (ప్రోగ్రామ్ ఎక్కించి లైట్లు, మోటార్లు నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) కనిపించకపోతే, చాలాసార్లు తప్పు కేబుల్‌ది. ఫోన్ ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. కేబుల్ మార్చినా అంతే అయితే, చవక బోర్డుల మీద ఉండే సీహెచ్340 చిప్‌కు కంప్యూటర్‌లో డ్రైవరు సాఫ్ట్‌వేర్ వేయాలి. బోర్డు కనిపిస్తోంది కానీ ప్రోగ్రామ్ ఎక్కడం లేదంటే 0, 1 నంబర్ల పిన్నుల్లో ఏమైనా గుచ్చి ఉందేమో చూసి, తీసేసి మళ్లీ ప్రయత్నించండి.

మోటార్ మొదలవగానే బోర్డు ఆగి మళ్లీ మొదలవుతోందా? మోటార్‌ను నేరుగా బోర్డుకు కలిపారన్నమాట. ఆర్డుయినో ఊనో పిన్ను నుంచి 20 మిల్లీయాంప్‌లు తీసుకోవడం క్షేమం, 40 దాటితే చిప్ కాలిపోవచ్చు. చిన్న మోటార్ కూడా కదిలే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. మోటార్ డ్రైవర్ బోర్డు మధ్యలో పెట్టి, మోటార్‌కు వేరే బ్యాటరీ ఇచ్చి, రెండింటి గ్రౌండ్ (మైనస్) తీగలూ కలపండి. ఆ చివరి పని మరిచిపోతే ఏదీ పనిచేయదు. మా పిల్లలు ఎక్కువసార్లు మరిచేది అదే. నలుచదరంగా ఉండే 9 వోల్టుల బ్యాటరీతో మోటార్లు తిప్పాలని చూడకండి, కాసేపటికే నీరసిస్తుంది. నాలుగు పెన్సిల్ సెల్స్ దానికంటే మేలు.

కొన్నది ఒకటి, కావలసింది ఇంకొకటి

పెద్దలు కిట్లు కొంటే ఇలా అవుతుంది. కిట్‌లో చెప్పిన బొమ్మ చేశాక అందులో చేయడానికి ఏమీ మిగలదు. జాబితా పిల్లలు రాయాలి, వీలైతే కొనడానికీ వాళ్లే రావాలి. మేం తల్లిదండ్రుల అనుమతితో నలుగురైదుగురిని కోఠి గుజరాతీ గల్లీకి తీసుకెళ్తాం. కౌంటర్ దగ్గర నిలబడి ‘అన్నా, బీవో మోటార్ ఎంత?’ అని అడిగిన పిల్లకు ఆ మోటార్ విలువ మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు. తిరుగు దారిలో, 1901లో మొదలైన గ్రంథాలయం, సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ముందు కాసేపు ఆగుతాం. లైబ్రరీ పిల్లలు చూడాల్సిన చోటు అది.

దాత ఎవరైనా 3డీ ప్రింటర్ ఇస్తామంటే, మొదటి ఏడాది మల్టీమీటర్లు, మంచి కత్తెరలు అడగండి. ప్రింటర్ ముందు పిల్లలు ప్రేక్షకులవుతారు. ఇప్పటికే వచ్చి ఉంటే, అడుగు పొర అంటుకోకపోవడమే మీకు రోజూ వచ్చే బాధ. వస్తువు అచ్చయ్యే పలకను (బెడ్) తుడిచి, మట్టం సరిచూసి, పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ తీగకైతే 60 డిగ్రీల దాకా వేడిచేసి, పైన తిరిగే ఫ్యాన్ ఆపండి. వానాకాలంలో నాజిల్ (ప్లాస్టిక్ కరిగి బయటికొచ్చే మొన) దగ్గర చిటపట వినిపిస్తే ఆ ప్లాస్టిక్ తీగ తేమ పీల్చిందన్నమాట. మూత బిగుసుకునే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచాలి.

మూల పిల్లలు గొడవ చేస్తున్నారని చదువుకునేవాళ్లు చెబుతారు

వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. బల్లల మీద పాత రబ్బరు షీటు పరవండి. సుత్తి, డ్రిల్ పని వరండాలో. వారంలో రెండు రోజులు మూల పూర్తిగా మౌనం: గీయడం, కుట్టడం, ప్రోగ్రామ్ రాయడం మాత్రమే.

భయపడాల్సినవి

సోల్డరింగ్ (లోహపు తీగను కరిగించి అతకడం) పుస్తకాల మధ్య వద్దు. మామూలు సోల్డర్ తీగలో సీసం ఉంటుంది, అది కరిగేటప్పుడు వచ్చే ఫ్లక్స్ పొగ కళ్లను మండిస్తుంది. కిటికీ తెరిచిన గదిలో, పెద్దవారు పక్కన ఉండగా చేయించి, అన్నం ముట్టే ముందు సబ్బుతో చేతులు కడిగించండి. పాత ఫోన్ల నుంచి తీసిన లిథియం బ్యాటరీలను మూలలోకి రానివ్వకండి. ఉబ్బినదాన్ని గుచ్చితే మంట వస్తుంది. ఆ బల్లల ప్లగ్గులకు 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఈ ఒక్క విషయంలో మాత్రం పిల్లల నిర్ణయం లేదు, పెద్దలదే.

జనవరి వచ్చేసరికి మూల ఖాళీ

నడిపేవాళ్లంతా పదో తరగతి పిల్లలైతే సంక్రాంతి తర్వాత ఒక్కరూ కనిపించరు. మార్చిలో పరీక్షలు, ఒంటిపూట బడులు, ఏప్రిల్ చివర్లో సెలవులు. జూన్‌లో బీరువా తెరిస్తే ఏ డబ్బాలో ఏముందో ఎవరికీ తెలియదు. మాకు రెండేళ్లు ఇదే జరిగింది. పెద్ద పిల్లలకు పని బాగా వచ్చు కాబట్టి పనంతా వాళ్లకే వదిలేశాం, చిన్నవాళ్లకు దారి మూసేశాం.

ఇప్పుడు నాయకత్వం ఎనిమిదో తరగతికి, వాళ్లకు తోడు ఏడో తరగతి. తొమ్మిది, పది వాళ్లు అడిగితే సలహా చెబుతారు. అప్పగింత దసరా సెలవుల తర్వాత మొదలై సంక్రాంతికి ముందే ముగుస్తుంది. చివరి రోజున కొత్తవాళ్లు బీరువా తెరిచి, పాతవాళ్ల ఎదుట ప్రతి పనిముట్టునూ లెక్కపెడతారు, ‘పాడైనవి’ పుస్తకం మొదటినుంచి చదువుతారు. పోయిన ఏడాది ఆ లెక్కలో ఒక మల్టీమీటర్ తేలలేదు. అది వరండాలో డ్రిల్ పెట్టెలో దొరికేదాకా ఇద్దరు ఏడో తరగతి పిల్లలు తాళంచెవి తీసుకోవడానికి ఒప్పుకోలేదు.