పళ్ళు తెల్లబరిపించుకునే ముందు: ఫిల్లింగ్స్ ఉన్నవాళ్ళకు జాగ్రత్తలు

పెళ్ళికో ఫొటోషూట్‌కో వైటనింగ్ చేయించుకునే ముందు అద్దంలో ముందు పళ్ళను ఒకసారి పరీక్షగా చూసుకోండి. వైటనింగ్ జెల్‌లోని పెరాక్సైడ్ సహజమైన పంటినే తెల్లబరుస్తుంది. పంటి రంగు ఫిల్లింగ్, క్యాప్, వెనీర్ (పంటి ముందు వైపు అతికించే పల్చటి పొర) పాత రంగులోనే ఉండిపోతాయి. చుట్టూ పన్ను తెల్లబడేసరికి, అంతవరకూ కలిసిపోయిన ఫిల్లింగ్ పసుపు మచ్చలా బయటపడుతుంది.

☐ నవ్వినప్పుడు కనిపించే ఫిల్లింగ్స్, క్యాప్‌లు ఎన్నో డాక్టర్‌తో లెక్క వేయించండి. వాటిని మార్చే ఖర్చు కూడా ముందే అడగండి. చాలామంది మరిచిపోయేది ఇదే.

☐ అంచులు లీకైన ఫిల్లింగ్, పుచ్చు ఉంటే ముందు వాటి సంగతి చూడాలి. లేకపోతే జెల్ లోపలికి దిగి పన్ను జివ్వుమంటుంది. అలాంటప్పుడు తాత్కాలికంగా మూయించుకుంటే చాలు.

☐ రంగు కుదిరే కొత్త ఫిల్లింగ్‌ను వైటనింగ్ తర్వాతే, అదీ సుమారు 2 వారాలు ఆగి వేయించుకోండి. జెల్ నుంచి పంటిలో మిగిలిన ఆక్సిజన్ వల్ల కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్ పదార్థం) గట్టిగా అతుక్కోదు. పైగా మొదట్లో కనిపించే తెలుపు కొద్దిరోజుల్లో కాస్త తగ్గి నిలబడుతుంది. పెళ్ళి తేదీ దగ్గర పెట్టుకుని టెన్షన్ పడకుండా, నెలన్నర ముందే మొదలుపెట్టండి.

☐ వెండి రంగు ఫిల్లింగ్ ఉంటే తప్పక చెప్పండి. దాని అంచున పన్ను ఆకుపచ్చగా మారే అవకాశం ఉంది.

☐ గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవడం మంచిది.

ఇంట్లో నిమ్మరసం, వంటసోడా రుద్దకండి. ఎనామిల్ అరుగుతుంది, ఫిల్లింగ్ నునుపు పోయి టీ మరకలు ఇంకా తొందరగా పడతాయి.