శ్వాస లెక్కపెడుతున్నామని రోగికి చెప్పకండి

నర్సింగ్ విద్యార్థులకు ఒక చిట్కా. శ్వాస లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగి ఊపిరి తీరు తనకు తెలియకుండానే మారిపోతుంది. అందుకే పల్స్ చూడటం అయ్యాక కూడా వేళ్లు మణికట్టు మీదే ఉంచి, చూపు మాత్రం ఛాతీ మీదికి మార్చండి. దుప్పటి వల్ల కదలిక కనబడకపోతే రోగి చేతిని తన పొట్ట మీదే ఆనించి పట్టుకోండి, తెలిసిపోతుంది. ఛాతీ గానీ పొట్ట గానీ ఒకసారి లేచి దిగితే ఒక శ్వాస. పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒక్క శ్వాస పొరపాటు నాలుగవుతుంది, మధ్యమధ్య ఊపిరి ఆగుతున్నా గమనించలేం.

విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లలో నిమిషానికి 12 నుంచి 20 మామూలు. 25 గానీ, అంతకు మించి గానీ ఉంటే, ఆక్సిజన్ శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) బాగానే ఉన్నా వెంటనే డాక్టరుకు చెప్పండి. చాలాసార్లు ఆక్సిజన్ పడిపోకముందే శ్వాస వేగం పెరుగుతుంది. చూడకుండా చార్టులో అందరికీ 18 అని మాత్రం రాయొద్దు.